తిరిగిన బండికి సాక్ష్యం

నా పేరు శివశంకర్. మాది రాయచోటి పక్కన ఒక పల్లె. గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తానంటే, మా ఊళ్లో నేనేదో కంప్యూటర్‌తో కుస్తీ పడుతున్నాననుకుంటారు. నాది ట్రాన్స్‌పోర్ట్ డెస్కు. ఉద్యోగుల్ని ఇళ్ల నుంచి తెచ్చి, మళ్లీ ఇళ్లకు చేర్చే నలభై కార్లు నా కింద ఉంటాయి. డ్రైవర్ల మీద నేను అరుస్తాను, నా మీద పైవాళ్లు అరుస్తారు. ఎనిమిదేళ్లుగా అంతే. ఈ ఎనిమిదేళ్లలో నాకు తెలిసిందేమిటంటే, పై అంతస్తులో ఎవరికి కొత్త ఆలోచన వచ్చినా దాని బరువు మోసేది కింద సెల్లార్‌లో ఉన్న డ్రైవరే.

ఈసారి ఆలోచన జ్యోత్స్న మేడానికి వచ్చింది. భవనం, క్యాంటీన్, బండ్లు, అన్నిటికీ ఆవిడే పెద్ద. విదేశాల నుంచి క్లయింట్లు వస్తున్నారని, పర్యావరణ వారం జరపాలని నిర్ణయించారు. అందుకోసం నలభై కార్ల సైలెన్సర్ గొట్టాలకు చివర స్టెయిన్‌లెస్ స్టీలు మూతులు బిగించారు. ఒక్కో మూతి పైన ఒక పచ్చని ఆకు బొమ్మ. పొగ తగ్గించడం కష్టం కాబట్టి పొగ వచ్చే చోటు మెరిసేలా చేశారన్నమాట. ఈ మాట నేను పైకి అనలేదు. మనసులో అనుకున్నదానికి జీతం కోయరు.

డీజిల్ బండ్లు కదా, పదిహేను రోజులకే మూతులన్నీ నల్లబడ్డాయి. మేడం నన్ను పిలిచారు.

"శివశంకర్, అవి ఎందుకంత డర్టీగా ఉన్నాయి? సోమవారం క్లయింట్ విజిట్. నాకు అద్దంలా కనపడాలి. ఏ బండికి మసి కనిపిస్తే ఆ బండిని లిస్టులోంచి తీసెయ్యండి."

లిస్టులోంచి తీసెయ్యడమంటే ఆవిడకు కంప్యూటర్‌లో ఒక గీత. డ్రైవరుకు మాత్రం ఇక ఈ చుట్టుపక్కల ఏ కంపెనీలోనూ పని దొరకదు. బండ్లు పంపే ఏజెన్సీలన్నీ ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఒకచోట పేరు కొట్టేస్తే మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా కొట్టేసినట్టే.

శనివారం పొద్దున సెల్లార్‌లో డ్రైవర్లందర్నీ పోగేశాను. అందరికంటే ముందు వచ్చినవాడు పోచయ్య. పుప్పాలగూడ పాత ఊరివాడు, యాభై దాటాయి, సొంత కారు, ఏడేళ్లుగా మా దగ్గరే నడుపుతున్నాడు. ఏడేళ్లలో ఒక్క పికప్‌కీ ఆలస్యం కాలేదు. అందుకే పైవాళ్లెవరికీ అతని పేరు తెలియదు. మా ఆఫీసులో పేరు తెలియాలంటే ముందు ఏదో ఒకటి చెడగొట్టాలి. ఆ రోజు అతను చేతిలో స్టీలు గిన్నె పట్టుకుని వచ్చాడు. గిన్నెలో నానబెట్టిన చింతపండు ఉంది.

"చింతపండు వెట్టి తోమితే ఎంత మసైనా పోతదని మా ఇంటామె ఇచ్చింది సార్," అన్నాడు.

"అది ఇత్తడికి పనికొస్తుందన్నా. ఇది స్టీలు. ముందు గొట్టం చల్లారనీ, తర్వాత చెప్తా."

రాత్రంతా వీడియోలు చూసి నేను సగం పండితుణ్ణయ్యాను. చల్లారిన గొట్టాన్ని సబ్బునీళ్లతో కడగాలి. జిడ్డు వదిలే మందు చల్లి కాసేపు ఆగాలి. పాత పళ్ల బ్రష్‌తో లోపలి అంచులు రుద్దాలి. మొండి మసి ఉంటే వెంట్రుకంత సన్నని ఉక్కుపీచుకు పాలిష్ రాసి మెల్లగా ఒకే వాటంగా తిప్పాలి. గిన్నెలు తోమే గరుకు పీచు ముట్టుకుంటే గీతలు పడతాయి. ఇదంతా విడమరిచి చెప్పాను. చెప్పి ముగించేలోగా పెద్దన్న అనే డ్రైవరు గరుకు పీచుతో తన బండి మూతిని బరబరా గీకేశాడు.

"ఏమప్పా పెద్దన్నా, చెప్తా ఉంటే చెవులు యాడ పెట్టినావు?" అని అరిచాను.

పోచయ్య మాత్రం నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. చెప్పనిది కూడా చేశాడు. కంటికి కనిపించే అంచు దగ్గర అందరూ ఆపేస్తే, అతను పుల్లకు గుడ్డ చుట్టి, జానెడు లోతు వరకు తుడిచాడు. అంతకుముందు రోజే ఎయిర్ ఫిల్టర్ మార్పించి, ఇంజెక్టర్లు శుభ్రం చేయించి, ఇంజన్ మొత్తం సర్వీసు చేయించుకుని వచ్చాడట.

"ఇంజన్ ఎవరు చూస్తారన్నా, మేడం చూసేది మూతి కదా," అన్నాను.

"మూతి కడిగితె ఏమైతది సార్? కడుపు మంచిగుండాలె."

పర్యావరణ వారమంటే ఏమిటో మా కంపెనీ మొత్తంలో అర్థమైంది ఆయనొక్కడికే. నాకు నవ్వొచ్చింది. అప్పుడు నవ్వొచ్చింది.

సోమవారం క్లయింట్లు వచ్చారు, చూశారు, ఆకు బొమ్మల పక్కన నిలబడి ఫొటోలు దిగి వెళ్లారు. మేడం నాకు మెయిల్‌లో ఒక చప్పట్ల బొమ్మ పంపారు. ఇక గండం గడిచిందనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం సీతారామాంజనేయులు గారు దిగారు. ఆయనది అమలాపురం వైపు. మా కంపెనీలోనే ఆడిట్ చూస్తారు. గొంతు పెంచరు, ఎవర్నీ ఏకవచనంతో పిలవరు, ప్రతి మాటకూ చివర అండీ తగిలిస్తారు. ఆయన అండీ అంటే మాకు వెన్నులో చలి పుడుతుంది. మరో ఊళ్లో ఉన్న మా బ్రాంచిలో ఒక డ్రైవరు కారు ఇంట్లో పెట్టి, ఫోను మాత్రం బావమరిది స్కూటర్‌లో పెట్టి ఊరంతా తిప్పించాడట. యాప్‌లో మాత్రం కారు తిరిగినట్టే చూపించింది. అప్పట్నుంచి ఆయన యాప్‌నీ నమ్మరు, మీటర్‌నీ నమ్మరు.

"యంత్రం అబద్ధం చెబుతుందండీ. మసి చెప్పదు," అంటూ చూపుడువేలికి తెల్ల కాగితం చుట్టుకుని, వరసలో మొదట ఉన్న పోచయ్య బండి గొట్టంలో దూర్చారు. వేలు తెల్లగా బయటకు వచ్చింది. ఇటు తిప్పి చూశారు, అటు తిప్పి చూశారు.

"ఈ బండి తిరగట్లేదండీ."

పోచయ్య నా వైపు చూశాడు. "తెల్లారంగ అయిదున్నరకు కొండాపూర్ పికప్ జేసిన సార్. ఇప్పుడే నల్లగండ్ల పోయొచ్చిన."

"అయ్యుండొచ్చండీ. గొట్టం మాత్రం అలా అనట్లేదు."

నేను కల్పించుకున్నాను. "మేడం కడగమన్నారు సార్. శనివారమే అన్ని బండ్లూ కడిగాం."

"బయట కడుగుతారండీ. ఇంత లోపల ఎవరైనా కడుగుతారా?"

"నేను కడిగిన సార్," అన్నాడు పోచయ్య.

ఆంజనేయులు గారు జాలిగా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. పోచయ్య బండిలో రోజూ వచ్చే నలుగురు ఉద్యోగులకు ఫోన్లు చేశాను. ఒకడు సెలవులో ఉన్నాడు. ఒకడు, బండి ఎక్కగానే నిద్రపోతాను, డ్రైవర్ని ఎప్పుడూ చూడలేదన్నాడు. ఇంకొకడు ఫోన్ ఎత్తలేదు. యశస్విని అనే అమ్మాయి, తెల్ల కారో బూడిదరంగు కారో సరిగ్గా గుర్తులేదని చెప్పింది. ఏడేళ్లు మోసినవాడికి ఒక్క సాక్షి దొరకలేదు.

"రేపు పదకొండుకి మళ్లీ చూస్తానండీ. అప్పటికీ ఇలాగే ఉంటే లిస్టులోంచి తీసెయ్యక తప్పదండీ," అని ఆంజనేయులు గారు లిఫ్టెక్కారు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మేడానికి మసి ఉండకూడదు, ఈయనకు మసి ఉండాలి. పోచయ్యను బండెక్కమని, పక్కన నేనూ కూర్చున్నాను. కోకాపేట దాకా వెళ్లాం, వచ్చాం. మళ్లీ వెళ్లాం. దారి పొడుగునా యాక్సిలరేటర్ తొక్కించాను. దిగి చూస్తే గొట్టంలో విభూది పూసినంత బూడిద రంగు తప్ప ఏమీ లేదు. ఇంజన్ అంత బాగుంది.

"మంచిగ జేపిస్తినే," అని పోచయ్య రోడ్డు పక్కన నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. "పేరు కొట్టేస్తే ఇగ నన్నెవ్వడు వెట్టుకుంటడు సార్, ఈ వయసుల?"

గొట్టం కడగమని పాఠాలు చెప్పింది నేను. ఆయన నా మాట విన్నందుకే ఇరుక్కున్నాడు. వినని పెద్దన్న నయం.

పొద్దు గూకేవేళకు పుప్పాలగూడలో వాళ్లింటికి వెళ్లాం. ఆయన భార్య కిష్టమ్మ, ఎనిమిది నెలల మనుమరాలు పింకీని ఒళ్లో వేసుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. పాప బుగ్గ మీద రూపాయి బిళ్లంత కాటుక చుక్క ఉంది. నేను ఆ చుక్క వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఈ కాటుక కొన్నదా కిష్టమ్మక్కా, ఇంట్లో చేసిందా?"

"కొన్నది వెడ్తే పిల్ల కండ్లు మండయా? నేనే జేస్త."

విషయం చెప్పాను. ఆమె భర్త వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఏందయ్యా, మొన్న మసి కడగనీకె ఇంట్ల చింతపండంత ఒడగొట్టిండ్రు. ఇయ్యాల మసి కావాల్నంటరు. మీ ఆఫీసుల గంత పెద్ద చదువులు సదివినోళ్లు ఉన్నరంటిరి గదా?"

"చదివినందుకే అక్కా ఈ బాధ," అన్నాను.

తిట్టుకుంటూనే ప్రమిదలో ఆముదం పోసి వత్తి వెలిగించింది. రెండు పక్కలా ఇటుకలు పెట్టి, మంట మీదికి ఇత్తడి పళ్లెం బోర్లించింది. మసి పూసి మారేడుకాయ చేయడమనే మాట చిన్నప్పట్నుంచీ వింటున్నాను కానీ, మసి తయారయ్యేదాకా కూర్చుని చూడటం అదే మొదలు. గంట తర్వాత పళ్లెం తిప్పితే నల్లగా, మెత్తగా పేరుకుని ఉంది. చెంచాతో గీకి, అంటుకోవడానికి ఒక చుక్క ఆముదం కలిపి, ఖాళీ డబ్బీలో పెట్టి నా చేతికిచ్చింది.

"నిజంగ తిరిగిన బండికి అబద్ధం మసి ఎందుకు సార్?" అన్నాడు పోచయ్య. డబ్బీ వైపు చూడటం కూడా ఇష్టం లేనట్టు ముఖం తిప్పుకున్నాడు.

"నిజం మసి రాలేదు కదన్నా. ఏం చేద్దాం?"

"అయితే పెద్దన్నకు గూడ జెప్తా. ఆయన బండి గురువారం జూస్తరట. ఇంక అయిదుగురు ఉన్నరు. నన్ను జూసి వాళ్లు గూడ లోపల దాక కడిగిండ్రు, వాళ్లవి గూడ తెల్లగనే ఉన్నయి."

"ఎవరికీ చెప్పొద్దన్నా. ఒక్క బండికైతే మసి. ఏడు బండ్లకైతే కుట్ర. నీతో పాటు నా ఉద్యోగమూ ఊడుతుంది."

నా మాట వినడం ఆయనకు అలవాటు.

బుధవారం పొద్దున్నే నేనే పుల్లకు గుడ్డ చుట్టి, కాటుక అద్ది, గొట్టం లోపల సమంగా పూశాను. మేడం కోసం బయట స్టీలును అద్దంలా తుడిచాను. పదకొండింటికి ఆంజనేయులు గారు వచ్చి కాగితం చుట్టిన వేలు దూర్చారు. వేలు బొగ్గులా బయటకు వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"డీజిల్‌లో ఏదో నూనె కలుపుతున్నట్టున్నారండీ ఈ మధ్య," అని, కాగితాన్ని ప్లాస్టిక్ సంచీలో వేసి దాని మీద బండి నంబరు రాశారు. "తిరిగిన బండంటే ఇలా ఉండాలండీ. దీన్నే నమూనాగా పెట్టుకుని మిగతావి చూస్తాను."

నమూనా అంటే ఏమిటో నాకు వెంటనే అర్థమైంది. పోచయ్యకు ఇంకా అర్థం కాలేదు. పేరు నిలిచిందని కిష్టమ్మకు ఫోన్ చేసి చెప్పుకున్నాడు.

గురువారం అర్థమైంది. పెద్దన్న బండితో సహా ఆరు బండ్లు నమూనా ముందు తేలిపోయాయి. వాటిలో ఉన్నది నాలుగు రోజుల పాటు నిజంగా తిరిగితే పట్టిన పలచటి మసి. ప్లాస్టిక్ సంచీలోని కాగితం పక్కన పెడితే అవి తిరగని బండ్లే. ఆరు పేర్లూ కొట్టేసి, సెల్లార్‌లో చదివి వినిపించమని కాగితం నాకే ఇచ్చారు. చదివాను. పెద్దన్న నన్నేమీ తిట్టలేదు. తన బండి వెనక్కి వెళ్లి, గీతలు పడ్డ స్టీలు మూతిని వేలితో తడుముతూ నిలబడ్డాడు.

పోచయ్య గబగబా లిఫ్టు వైపు నడిచాడు. ఏడేళ్లలో ఆయన ఆ లిఫ్టెక్కడం అదే మొదటిసారి. నేను వెనకే పరిగెత్తాను. ఆంజనేయులు గారి గది తలుపు తోసి, చెప్పులు బయటే విడిచి, లోపలికి వెళ్లి నిలబడ్డాడు.

"సార్, నా బండిల మీరు జూసింది మసి గాదు. కాటుక. మా మనుమరాలికి వెట్టేది. మా ఇంటామె జేసింది. ఆ ఆరుగురి బండ్లు నిజంగనే తిరుగుతున్నయి సార్. నాది గూడ తిరుగుతది, కానీ మసి రాలె. కొట్టేస్తే నా పేరు కొట్టేయుండ్రి, వాళ్లయి ఉంచుండ్రి."

ఆంజనేయులు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"కూర్చోండి పోచయ్య గారూ. మీ తోటివాళ్ల కోసం ఇంత అబద్ధం ఆడారంటే మీది గొప్ప మనసండీ. కానీ బండికి ఎవరైనా కాటుక పెడతారా? నా వేలితో నేను చూశాను కదండీ."

"అబద్ధం గాదు సార్. శంకర్ సార్‌ను అడుగుండ్రి. ఆయనే పూసిండు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆంజనేయులు గారు నవ్వుతూ అడిగారు.

"ఏమండీ శివశంకర్ గారూ, కాటుకా అది?"

ఒక్క మాట చాలు. అవునంటే ఆరుగురి పేర్లు తిరిగి వస్తాయి, నా పేరు పోతుంది. ప్రగతి నగర్‌లో నా ఇల్లు, నా బిడ్డ స్కూలు, మా ఊళ్లో అమ్మ చెప్పుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీ, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. పోచయ్య ముఖంలో అనుమానమన్నదే లేదు. నేను నిజమే చెబుతానని నమ్మి నిలబడ్డాడు.

"మసే సార్," అన్నాను.

పోచయ్యా నేనూ సెల్లార్‌లోకి దిగాం. లిఫ్టు తలుపు తెరుచుకున్నాక అన్నాడు.

"ఏడేండ్ల సంది తిరిగిన, అది నమ్మలె. కాటుక పూస్తే నమ్మిండు. కాటుకని జెప్తే అది గూడ నమ్మలె. ఆయనకైతె ఎరుక లేదు. మీకు ఎరుకే గదా సార్."

నేను నేల చూశాను. ఆయన వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున అయిదున్నరకల్లా కొండాపూర్ నుంచి యశస్విని ఫోన్ చేసింది. "అంకుల్ రోజూ పది నిమిషాల ముందే వచ్చి ఉంటారు. ఈ రోజు రాలేదేంటి?" అని అడిగింది. పోచయ్యకు ఫోన్ చేస్తే కిష్టమ్మ ఎత్తింది.

"ఆయన పెద్దన్నోళ్లతోటి పోయిండు. ఏడుగురు గలిసి ఏడన్న కిరాయి బేరాలు జూసుకుంటరట. పేరు మిమ్మల్నే కొట్టేసుకోమన్నడు," అని పెట్టేసింది.

రాని బండికి కారణం రాయడానికి నా కంప్యూటర్‌లో ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే తర్వాతి గడి తెరుచుకోదు. చివరికి, ఇంజన్ రిపేరు అని రాశాను.

పదింటికి ఆంజనేయులు గారు నా డెస్కు దగ్గరికి వచ్చి, తెర మీదకు వంగి అది చదివారు.

"అనుకున్నానండీ. అంత మసి వదిలే బండి ఇంజన్ ఎన్నాళ్లు ఉంటుంది చెప్పండి. పాపం, మనిషి మంచివాడే కానీ, బండిని సరిగ్గా చూసుకోలేదండీ. అంతేకదా?"

"అంతే సార్," అన్నాను.